కొత్తపట్నం నుంచి మైపాడుకి సొంత తెరచాప పడవలో: ముందు మొగ సంగతి తేల్చుకోండి

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ. రెండేళ్లు కష్టపడి ఒంగోలులో ఇంటి వెనక షెడ్డులో 14 అడుగుల ప్లైవుడ్ పడవ కట్టారు. గుండ్లకమ్మ రిజర్వాయరులో పదిసార్లు తిప్పారు, బాగా నడిచింది. ఫిబ్రవరి చివర్లో స్నేహితుడితో కలిసి కొత్తపట్నంలో దింపి, తీరం వెంట దక్షిణంగా నాలుగు రోజుల్లో మైపాడు చేరాలని మీ ఆలోచన. రాత్రిళ్లు పడవని ఒడ్డుకి లాగి ఇసుకలో పడుకుంటామన్నారు. ఏ సామాను తీసుకెళ్లాలి అని అడిగారు.

సామాను సంగతి తర్వాత చెబుతాను. నేను పుట్టింది అల్లూరు వైపు సముద్రం ఒడ్డున ఉన్న పాలెంలో. మా నాన్న ఇంజను లేని రోజుల్లో తెప్ప మీద తెరచాప ఎత్తి వేటకి పోయిన మనిషి. నేను ఫైబర్ పడవల రిపేరు పని చేస్తాను. ప్లైవుడ్‌తో మీలాగే ఇష్టంకొద్దీ మూడు తెరచాప పడవలు కట్టుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నా, మీరు అనుకున్న దారిలో, అనుకున్న పద్ధతిలో మాత్రం వెళ్లొద్దు. పడవ మానుకోమనడం లేదు. దారి మార్చమంటున్నాను.

మొదట దిక్కు. ఫిబ్రవరి చివరికి మన దగ్గర పైరగాలి మొదలవుతుంది. పొద్దెక్కాక ఆగ్నేయం నుంచి, దక్షిణం నుంచి వీస్తుంది. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నాలు గట్టిగానే ఉంటుంది. అదే నెలల్లో తీరం వెంట సముద్రపు నీరు కూడా ఉత్తరానికే నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అది తిరగబడి దక్షిణానికి పోతుంది. కాబట్టి ఫిబ్రవరిలో కొత్తపట్నం నుంచి దక్షిణంగా బయల్దేరితే గాలీ ఎదురే, నీరూ ఎదురే. మీ పడవ పొడవుకి మంచి గాలిలో సగటున గంటకి ఐదారు కిలోమీటర్లు నడుస్తుంది. ఎదురుగాలిలో ఆ పక్కకీ ఈ పక్కకీ అడ్డంగా కోసుకుంటూ పోవాలి కాబట్టి, చేరాల్సిన వైపు దగ్గరయ్యేది అందులో సగం. రెండు ఊళ్ల మధ్య దూరం నూరు కిలోమీటర్ల పైమాటే. రోజుకి పాతిక కిలోమీటర్లు ఎదురీదాలంటే పొద్దున్నుంచి చీకటి పడేదాకా చుక్కాని వదలకూడదు. రెండో రోజుకే మనిషి అలిసిపోతాడు. అలిసిన మనిషి తీసుకునే నిర్ణయాలు ఎలా ఉంటాయో రోడ్డు మీద లారీ తోలేవాళ్లని అడిగినా చెబుతారు.

అదే మైపాడు వైపు నుంచి ఉత్తరంగా వస్తే గాలి వెనక నుంచి తోస్తుంది, నీరు కూడా సాయపడుతుంది. పెన్న మొగ (ఏరు సముద్రంలో కలిసే మూతి), ఇసకపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట, రామాయపట్నం, పాకల, చివరికి మీ కొత్తపట్నం. పడవని ట్రాలీ మీద వేసుకుని హైవేలో నెల్లూరు వెళ్లి అక్కడ దింపడం ఒక పూట పని. ఈ మాట ఒక్కటే విన్నా మీ కష్టం సగం తగ్గుతుంది.

ఇక రాత్రిళ్లు ఒడ్డుకి లాగడం. మ్యాపు తీసి చూడండి. మన తీరం గీత గీసినట్టు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. లోపలికి వంగిన అఖాతం, అడ్డంగా కొండ, గాలి తగలని మూల, ఏవీ లేవు. ఎక్కడ ఒడ్డుకి వచ్చినా తెరిచిన సముద్రపు కెరటంలోంచే రావాలి, మర్నాడు పొద్దున మళ్లీ ఆ కెరటంలోంచే పోవాలి. సామానుతో కలిపి మీ పడవ రెండు వందల కిలోల దాకా తూగుతుంది. దాన్ని తడి ఇసుకలో ఇద్దరు మనుషులు లాగలేరు. మీరు లాగుతూ ఉండగానే వెనక కెరటం వచ్చి పడవలో పడుతుంది. పాలెం వాళ్లు పడవలు లాగేటప్పుడు చూడండి, పదిమంది భుజం పడతారు.

అంటే ఈ తీరంలో చిన్న పడవకి ఆశ్రయం ఏరు సముద్రంలో కలిసే చోట, ఉప్పుటేరు లోపలే. లోపలికి వెళ్లాలంటే మొగ దాటాలి. సముద్రం మీద నాకు భయం తక్కువ, మొగ అంటే ఇప్పటికీ భయమే. మీరు రిజర్వాయరులో ఎంత నేర్చుకున్నా ఇది అక్కడ దొరకని పాఠం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పన్నెండేళ్ల కిందట, మార్చి నెల. నేనూ మా పిన్ని కొడుకూ నా రెండో పడవలో తెల్లవారుజామున ఇసకపల్లి దగ్గర మొగ దాటి బయటికి పోయాం. పడమటి నుంచి సన్నగా నేలగాలి, నీళ్లు అద్దంలా ఉన్నాయి. పది గంటలకి తిరిగి వద్దామనుకున్నాం. సముద్రం అంత బాగుంటే ఎవరికి రావాలనిపిస్తుంది? మధ్యాహ్నం మూడయింది. అప్పటికి ఆగ్నేయపు గాలి పుంజుకుని నీళ్ల మీద అక్కడక్కడా తెల్ల నురగ కనిపిస్తోంది. మొగ ఎదురుగా వచ్చి చూస్తే ముందంతా నున్నగా ఉంది. వెనక నుంచి గాలి, పడవ పరుగు. దూరిపోదామనుకున్నాను.

మొదటి కెరటం కిందనుంచి దాటిపోయింది. రెండోది పడవని ఎత్తి దింపింది. మూడోది వెనక భాగాన్ని పైకి లేపేసరికి నా చేతిలో చుక్కాని పిడి ఒక్కసారిగా తేలికైపోయింది, దూదిపింజలా. చుక్కాని నీళ్లలోంచి బయటికి వచ్చేసిందన్నమాట. ముందు ముక్కు కింది నీళ్లలో గుచ్చుకుంది. పడవ నా ప్రమేయం లేకుండా పక్కకి తిరిగి కెరటానికి అడ్డం పడింది. తర్వాత ఆకాశం కనపడలేదు. తేలి చూస్తే లోతు ఛాతీ దాకానే ఉంది, కానీ కాళ్ల కింద ఇసుక నిలవడం లేదు, నీరు బయటికి లాగుతోంది. తెరచాప కొయ్య ఇసుకలో పొడుచుకుని మొదట్లో విరిగింది. మా వాడి కాలికి తెరచాప తాడు చుట్టుకుంది. నడుముకి కత్తి ఉంది కాబట్టి కోయగలిగాను. వేట నుంచి వస్తున్న మోటారు పడవ వాళ్లు మమ్మల్ని లాగారు. అందులో పెద్దాయన నన్ను తిట్టలేదు. తడిసిన తువ్వాలు పిండుకుంటూ, "పోయేటప్పుడు చూసి పోయావు, వచ్చేటప్పుడు చూళ్లేదేంది నాయనా" అన్నాడు. అంతే.

నేను చూడలేదని కాదు, చూసినా కనపడదు. సముద్రం వైపు నుంచి వచ్చేవాడికి కెరటాల వీపులే కనిపిస్తాయి. విరిగే ముఖం ఒడ్డు వైపు ఉంటుంది. వీపు నున్నగా, చిన్నగా ఉంటుంది. అందుకని లోపల ఎంత ఎత్తున విరుగుతున్నాయో అందులోకి వెళ్లేదాకా తెలియదు. ఇది ఎవరి కంటికైనా అంతే.

రెండో తప్పు వేళ. ఆ సమయానికి ఏటి నీళ్లు సముద్రంలోకి దిగుతున్నాయి. నీళ్లు ఎక్కేది పోటు, దిగేది ఆటు. ఆటులో ఏటి నీరంతా ఇరుకు మొగలోంచి వేగంగా బయటికి వస్తుంది. ఎదురుగా సముద్రపు కెరటం లోపలికి వస్తుంది. ఎదురు నీరు తగిలిన కెరటం పొడవు తగ్గి నిటారుగా లేస్తుంది, ఇసుక తిన్నె మీద లోతు లేక విరిగిపోతుంది. బయట రెండడుగులున్న కెరటం మొగలో గోడలా నిలబడటానికి కారణం ఇదే. దానికి తోడు మధ్యాహ్నపు గాలి. నాకు మూడూ ఒకేసారి కలిశాయి.

మీరు దాటేటప్పుడు ఇలా చేయండి. పోటు చివర్లో, నీరు ఇంకా కొద్దిగా లోపలికి పోతూ ఉండగానో, నిలిచి ఉండగానో దాటాలి. పోటు వేళలకి సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పట్టికలున్నాయి. ఫోన్‌లో కూడా దొరుకుతాయి. అయితే పట్టికలో ఉన్నది సముద్రంలో నీటిమట్టం వేళ. బయట పోటు ఆగినా మొగలో ప్రవాహం వెంటనే తిరగదు, లోపల ఏరు ఇంకా నిండుతూనే ఉంటుంది. ఎంత ఆలస్యం అవుతుందో ఒక్కో మొగకి ఒక్కో లెక్క. అందుకే ముందు రోజు ఒడ్డున కూర్చుని, నీళ్లలో కొబ్బరి మట్టో కొమ్మో వేసి, అది ఎటు పోతోందో వాచీ పెట్టుకుని చూడండి. ఆ ఒక్క పూట కూర్చోవడం మీ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన పని. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మన దగ్గర నీరు దాదాపు మీటరు ఎక్కి దిగుతుంది, ప్రవాహం జోరుగా ఉంటుంది. అష్టమి దగ్గర సగం కూడా ఉండదు. కొత్తవాళ్లకి అష్టమి దగ్గరి రోజులే మంచివి. వేళ మాత్రం రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని గుర్తుంచుకోండి.

లోపలికి వచ్చేటప్పుడు మొగ బయటే ఆగి కనీసం పావుగంట చూడాలి. కెరటాలు గుంపులుగా వస్తాయి. పెద్దవి నాలుగైదు పోయాక కాసేపు నెమ్మదిస్తుంది. ఆ సందులో కదలాలి. తెరచాప సగానికి మడిచి కట్టేయండి. వేగం ఎక్కువైతే పడవ కెరటం మీద జారి ముక్కు గుచ్చుకుంటుంది. సెంటర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) సగం పైకి ఎత్తండి, పూర్తిగా దించి ఉంటే పక్కకి జారినప్పుడు అదే కాలు అడ్డం పెట్టి పడేస్తుంది. వెనక నుంచి ఇరవై మీటర్ల తాడుకి బలమైన బకెట్టు కట్టి నీళ్లలో ఈడ్చండి. వెనక భాగాన్ని అది పట్టి ఉంచుతుంది, పడవ అడ్డం తిరగదు. నచ్చకపోతే లోపలికి రావద్దు. బయటే లంగరు వేసి తర్వాతి పోటు దాకా ఆగడానికి నీళ్లు, తిండి పడవలో ఉండాలి.

ఇంకో మాట. నిరుడు చూసిన మొగ ఈ ఏడు అక్కడ ఉండదు. వేసవిలో ఇసుక పేరుకుని సన్నబడుతుంది, వానలకి ఏరు పొంగి మళ్లీ తెరుచుకుంటుంది, ఒక్కోసారి అరకిలోమీటరు జరుగుతుంది. ఫోన్‌లో కనిపించే ఉపగ్రహ చిత్రం ఎప్పటిదో. ఆ పొద్దున వేటకి పోయి వచ్చినవాళ్లని అడగడమే దారి. పాలెంలో అడిగితే ఎవరూ కాదనరు. మన మొగల్లో ఏ వైపు లోతుందో వాళ్లకి రోజూ మారే లెక్క తెలుసు.

పడవ గురించి. మీరు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడారు, అది సరైన పని. ముక్కల్ని రాగి తీగతో కుట్టి, అతుకుల్లో ఎపాక్సీ లాంటి గట్టిపడే జిగురు నింపి, గ్లాస్ బట్ట వేసిన పద్ధతి 1960ల మొదట్లో ఇంగ్లండులో మిర్రర్ అనే చిన్న పడవతో బాగా వ్యాపించింది. కుట్టడం అనే మాట మన తీరానికి మాత్రం కొత్తది కాదు. మద్రాసులో హార్బరు కట్టకముందు ఓడల నుంచి మనుషుల్నీ సరుకునీ కెరటంలోంచి ఒడ్డుకి చేర్చింది కొబ్బరి తాడుతో కుట్టిన పడవలే. మేకులు కొట్టిన పడవ ఒడ్డుకి గుద్దుకుంటే పగులుతుంది, కుట్టు పడవ ఒళ్లు వంచుతుంది. మీ పడవ మాత్రం కుట్టినదైనా ఎపాక్సీ గట్టిపడ్డాక వంగదు. అందుకే దాన్ని కెరటంతో పాటు ఇసుక మీద పడేయకండి.

ఫోటోలో చూస్తే ముందూ వెనకా గాలి పెట్టెలున్నాయి. వాటి మూతలకి రబ్బరు వాషరు కనపడలేదు. బయల్దేరే ముందు చెరువులో పడవని కావాలనే బోర్లా తిప్పి, నిటారుగా చేసి, నిండా నీళ్లతో ఉండగా ఇద్దరూ ఎక్కి కూర్చుని చూడండి. అంచు నీటి పైన ఉండాలి, బకెట్టుతో తోడితే నీళ్లు తగ్గాలి. సెంటర్‌బోర్డు పెట్టె పైఅంచు నీళ్లలో మునిగి ఉంటే ఎంత తోడినా అందులోంచి మళ్లీ వస్తూనే ఉంటాయి. అలా అయితే గాలి పెట్టెలు చాలవు, పక్కల బెంచీల కింద థర్మోకోల్ దిమ్మలు బిగించాలి. ఈ పరీక్ష పాసవకుండా సముద్రం మాట ఎత్తకండి. నా రెండో పడవకి ఈ పరీక్ష చేసి ఉంటే ఆ రోజు మేం దానిమీదే కూర్చుని ఉండేవాళ్లం.

తెరచాప కొయ్యకి సర్వి (సరుగుడు) కర్ర వాడతానన్నారు. మన తీరమంతా సర్వి తోటలే కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది. బలం ఉంది, బరువూ ఉంది. పచ్చిది తెచ్చి వెంటనే పెడితే నిలువునా పగుళ్లు ఇస్తుంది. నీడలో నాలుగైదు నెలలు ఆరనిచ్చి, చిత్రిక పట్టి, నూనె పట్టించి వాడండి. తీసి పెట్టడానికి వీలుగా ఉంచండి, ఎందుకంటే ఉప్పుటేళ్ల మీద రొయ్యల చెరువులకి పోయే కరెంటు తీగలు చాలా కిందుగా వేలాడతాయి. తడి కొయ్య తీగకి తగిలినా ప్రమాదమే. తీగ కనిపిస్తే దూరంలోనే కొయ్య దించి తెడ్డు వేసుకుని దాటండి.

ఇప్పుడు నా సలహా. మొదటి ప్రయాణం నూరు కిలోమీటర్లు వద్దు. రెండు రోజులు ఒక ఉప్పుటేటిలోనే తిరగండి. లోపల కెరటం ఉండదు, మడ చెట్ల మధ్య నీళ్లు ఆరు గంటలకోసారి దిక్కు మార్చుకోవడం కళ్లతో చూస్తారు. రాత్రి లంగరు వేసుకుని పడవలోనే పడుకోండి. నాలుగు కొక్కేల లంగరు ఆ బురదలో పట్టదు, రెక్కల లంగరు తీసుకోండి. రెండు మూడు మీటర్ల గొలుసు, ఆపైన నైలాన్ తాడు, లోతుకి కనీసం ఐదింతలు వదలాలి. ఆటు పోటు మారినప్పుడు పడవ చుట్టూ తిరుగుతుంది, అందుకని గుంజలకి కట్టిన వలలకి దూరంగా ఆగాలి. ఆ వల ఒక ఇంటి వారం సంపాదన. చేతికి అందేలా మంచి టార్చి పెట్టుకోండి, ఇంజను చప్పుడు వినపడగానే తెరచాప మీద వెలుగు వేయండి. ఏడు మీటర్ల లోపు తెరచాప పడవకి నియమం కూడా అదే అడుగుతుంది. దోమలు విపరీతం, తెర తప్పనిసరి. తిండికి పులిహోర, అటుకులు చాలు. నీళ్లు మనిషికి రోజుకి ఐదు లీటర్లు.

రెండో రోజు పొద్దున, పోటు వేళ కుదిరితే, నేలగాలిలో మొగ దాటి ఒక గంట బయట తిరిగి, పదిలోపు లోపలికి రండి. మా నాన్న తరం చేసింది అదే. తెల్లవారుజామున నేల నుంచి వీచే గాలితో పోవడం, సముద్రపు గాలి లేవగానే దాంతో తిరిగి రావడం. పదకొండు దాటాక ఆ గాలి మొగ మీద కెరటం లేపుతుంది. బయట ఉన్నప్పుడు ఒడ్డుకి రెండు కిలోమీటర్లు దాటొద్దు. కూర్చున్న మనిషి కన్ను నీటికి మీటరు ఎత్తులో ఉంటే సముద్రపు అంచు మూడున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది, మన తీరం పల్లంగా, ఎక్కడ చూసినా అదే సర్వి తోపులా కనిపిస్తుంది. ఇట్టే గుర్తులు పోతాయి.

జూన్, జూలైల్లో మాత్రం ఎవరు పిలిచినా వెళ్లకండి. పడమటి గాలికి ఒడ్డు దగ్గర సముద్రం చెరువులా ఉంటుంది, అది చూసి మోసపోతారు. ఆ గాలి మిమ్మల్ని నడిసముద్రంలోకి తోసుకుపోతుంది, దూరం పోయేకొద్దీ కెరటం పెరుగుతుంది, ఎదురీది వెనక్కి రాలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 1989 నవంబరు తుపాను కావలి దగ్గర తీరం దాటిన రాత్రి గుర్తున్నవాళ్లు మా పాలెంలో ఇంకా ఉన్నారు. జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా మీలాంటి పడవకి మంచి కాలం. ఏ నెలైనా ముందు రోజు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల కెరటాల సూచన చూడండి, తెలుగులో కూడా ఇస్తారు. ఇక్కడ గాలి లేకపోయినా ఎక్కడో దూరాన పుట్టిన పొడవాటి కెరటం మొగని మూసేస్తుంది. కృష్ణపట్నం, రామాయపట్నం పోర్టుల దారుల్లోకి వెళ్లకండి. శ్రీహరికోటలోని షార్ నుంచి రాకెట్ ఎగిరే రోజుల్లో సముద్రంలోకి పోవద్దని ప్రకటన వస్తుంది, అదీ చూసుకోండి.

లైఫ్ జాకెట్ పడవలో ఉండటం కాదు, ఒంటి మీద ఉండాలి, విజిల్ దానికే కట్టి. కత్తి నడుముకి. ఫోన్ నీళ్లు చొరని సంచిలో మెడకి. బయల్దేరే ముందు దగ్గరి మెరైన్ పోలీస్ స్టేషన్లో చెప్పండి. ఇంట్లో ఒక కాగితం మీద ఎక్కడ దింపుతున్నారు, ఏ మొగ, ఎన్నింటికి తిరిగొస్తారు అని రాసి ఇవ్వండి. చెప్పిన వేళకి గంట దాటినా మీ ఫోన్ రాకపోతే మెరైన్ పోలీసులకి 1093, కోస్ట్ గార్డ్‌కి 1554 చేయమని అదే కాగితం కింద రాయండి.